టాటూ శిష్యరికంలో ఎడమచేతి పాఠం

టాటూ స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో నా చేతికి మిషన్ ఇవ్వలేదు. స్ప్రే బాటిలు, పేపర్ టవళ్ళు, చెత్త సంచులు ఇచ్చారు. బొమ్మలు గీయడం నాకు ముందే వచ్చు. నా బొమ్మల ఫైలు చూసే మాస్టర్ నన్ను చేర్చుకున్నారు. కానీ చేరాక చాలాకాలం ఆ ఫైలు ఊసే రాలేదు. బల్ల తుడవడం, కుర్చీకి ప్లాస్టిక్ కవర్ చుట్టడం, వాడేసిన నీడిల్స్‌ని షార్ప్స్ డబ్బాలో వేయడం. అదే పని.

ఈ దశని శిష్యుడి ఓపికకి పెట్టే పరీక్షలా చెబుతుంటారు. నాకు అలా అనిపించలేదు. టాటూ వేయడమంటే బుద్ధిపూర్వకంగా గాయం చేయడమే. సూది నిమిషానికి కొన్ని వేలసార్లు చర్మంలో దిగుతుంది, రక్తం వస్తుంది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. అందుకే ఆ టీకా డోసులన్నీ పూర్తయ్యేదాకా నన్ను వాడిన సామాను ముట్టుకోనివ్వలేదు.

ఒకరోజు మాస్టర్ నా గ్లౌజుల వేళ్ళకి బొమ్మ గీతల్ని చర్మం మీదికి దించడానికి వాడే ఊదారంగు స్టెన్సిల్ ఇంక్ పూసి, నిజంగా టాటూ వేస్తున్నట్టే చేసి చూపించమన్నారు. కొంతసేపయ్యాక ఆపి, గది మొత్తం చూడమన్నారు. లైటు మెడ మీద, ఇంక్ సీసా మూత మీద, కుర్చీ చేతి కింద ఊదా మరకలు. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత ఏ వస్తువుకి ఫిల్మ్ చుట్టాలో, ఏది ముందుగానే తీసి పెట్టుకోవాలో నాకెవరూ మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది.

పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ సంగతి కూడా అప్పుడే నేర్చుకున్నాను. లోపల 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడితో ఉంటుంది. పరికరాలు పెట్టే పౌచ్ మీద రంగు మారే పట్టీ వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. సూక్ష్మజీవులు నిజంగా చచ్చాయో లేదో తేలాలంటే మధ్యమధ్యలో స్పోర్ టెస్ట్ చేయించాలి. ఇప్పుడు చాలామంది ఒకసారి వాడి పారేసే సూదుల కార్ట్రిడ్జ్‌లతోనే పని చేస్తున్నారు కాబట్టి ఈ గొడవ కొంత తగ్గింది.

మిషన్ చేతికొచ్చాక మొదట దాన్ని విప్పించారు. అది పాత కాయిల్ మిషన్. కరెంటు వెళ్ళగానే కాయిల్స్ అయస్కాంతంగా మారి పైనున్న ఇనుప బద్దని లాగుతాయి. బద్ద కిందికి రాగానే కరెంటు తెగుతుంది, స్ప్రింగ్ దాన్ని మళ్ళీ పైకి నెడుతుంది. టింగుటింగుమనే పాత కాలింగ్ బెల్‌లో ఉండే పద్ధతే. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ పేటెంట్ తీసుకున్న మొదటి ఎలక్ట్రిక్ టాటూ మిషన్‌కి ఆధారం ఎడిసన్ కాగితాల నకళ్ళు తీయడానికి చేసిన ఎలక్ట్రిక్ పెన్ను. ఆఫీసు పనికి పుట్టిన పరికరం ఒంటి మీదికి వచ్చిందన్నమాట. ఇప్పుడు నేను వాడేది మోటారుతో నడిచే పెన్ను ఆకారం మిషన్. చప్పుడు లేదు, బరువు లేదు. అయినా కాయిల్ మీద నేర్చుకోవడం మంచిదైంది. అది ఎప్పుడు సరిగ్గా నడవట్లేదో చెవికే తెలిసిపోతుంది.

నీడిల్ ప్యాకెట్ మీద రాసినది చదవడం కూడా నేర్చుకోవాల్సిందే. 1207ఆర్‌ఎల్ అని ఉంటే, 0.35 మిల్లీమీటర్ల మందం ఉన్న సూదులు ఏడింటిని గుండ్రంగా కట్టారని, అది గీతలకి అని అర్థం. షేడింగ్‌కి వాడే మ్యాగ్నమ్‌లలో సూదులు రెండు వరసల్లో వెడల్పుగా ఉంటాయి.

ఇక ప్రాక్టీసు. సిలికాన్ చర్మం మీద గీతలు, వలయాలు, మళ్ళీ గీతలు. చెయ్యి మిషన్ కంటే తొందరపడితే గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది. నెమ్మదిగా లాగితే అదే చోట పోటు మీద పోటు పడి చర్మం నలిగిపోతుంది. ఈ లెక్క సిలికాన్ మీద కుదురుతుంది. కానీ సిలికాన్ ఊపిరి పీల్చదు, వాయదు, నొప్పికి ఉలిక్కిపడదు. అందుకే దాని మీద ఎంత బాగా గీసినా మాస్టర్ మెచ్చుకోలేదు. నా కుడిచేతి వంక చూడటం కూడా మానేశారు. "చూసేవాళ్ళందరూ మిషన్ పట్టుకున్న చెయ్యే చూస్తారు. నువ్వు రెండోది చూసుకో," అన్నారు.

ఆ రెండో చెయ్యి చర్మాన్ని సాగదీసి పట్టుకుంటుంది. ఈ పనిలో సగం నైపుణ్యం అక్కడే ఉందని ఇప్పుడు నా అభిప్రాయం. వదులుగా ఉన్న చర్మం మీద సూది దిగితే చర్మం కూడా దానితో పాటు కదులుతుంది, గీత వణుకుతుంది. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్ళు ఇంకోవైపు, మిషన్ పట్టుకున్న చేతి అంచు మూడోవైపు, ఇలా మూడు దిక్కులా లాగి పెట్టాలి. మోచేతి మడత దగ్గర ఒకలా, పిక్క మీద ఇంకోలా. పక్కటెముకల మీదైతే మనిషి ఊపిరితో పాటు కాన్వాసు లేస్తుంది, దిగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గీత లాగి, పీల్చేటప్పుడు ఆగాలి. కొన్నాళ్ళకి నేను కూడా వాళ్ళతో పాటే ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాను.

సూది ఎంత లోతు దిగిందన్నది కంటికి కనపడదు, చేతికే తెలియాలి. పై పొర సుమారు నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తుంది. ఇంక్ అక్కడే ఆగితే అదీ రాలిపోతుంది. అందుకే సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, కింది పొరలో పెట్టాలి. అంతకంటే దిగితే ఇంక్ కొవ్వులోకి పాకి గీత చుట్టూ నీలం నీడలా కనిపిస్తుంది. దాన్ని బ్లోఅవుట్ అంటాం. సరైన చోట పడిన ఇంక్‌ని శరీరంలోని రక్షణ కణాలు మింగి పట్టుకుంటాయి. అవి చచ్చిపోతే పక్కన కొత్తగా వచ్చిన కణాలు ఆ రంగుని మళ్ళీ మింగుతాయని ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద పరీక్షించి 2018లో ప్రకటించారు. బయటి వస్తువుని తరిమేయాలని శరీరం చేసే ప్రయత్నమే దాన్ని అక్కడ నిలబెడుతోంది. ఈ సంగతి విన్నాక టాటూని శాశ్వతం అనడానికి నాకు కొంచెం సంకోచం. అది ఎప్పుడూ చేతులు మారుతూనే ఉంటుంది.

దీనివల్ల బొమ్మ గీసే తీరు కూడా మారింది. నా పాత ఫైల్లో జుట్టు పోగంత సన్నని గీతలు, ఇరుకైన వివరాలు ఉండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ గీత లావెక్కుతుంది. చిన్న అక్షరాల కడుపులు పూడిపోతాయి. కాబట్టి ఖాళీని కూడా గీయాలి. పదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకుని ఈరోజు బొమ్మ వేయడం ఏ చిత్రకళా పాఠంలోనూ నాకు దొరకలేదు. సోషల్ మీడియాలో కనిపించే ఫొటోలు చాలావరకు అప్పుడే తుడిచిన టాటూలవి, ఆ నిగనిగ చూసి ఎవరి పనితనాన్నీ అంచనా వేయకండి. మానిన తర్వాతి ఫొటోలు అడగండి.

నేను మొదట వేసింది ఒక ఫ్రెండ్ ముంజేతి మీద చిన్న ఆకు. తనని నిలబెట్టి, చెయ్యి మామూలుగా వదిలేయమని చెప్పి స్టెన్సిల్ అంటించాను. చెయ్యి తిప్పి పెడితే బొమ్మ మెలితిరుగుతుంది మరి. ఆరేదాకా ఆగాను. కింద నుంచి పైకి మొదలుపెట్టాను, తుడిచేటప్పుడు ఇంకా వేయని స్టెన్సిల్ చెరిగిపోకుండా. టెన్షన్ మొదటి గీత వరకే. తర్వాత దానికి టైం లేదు. తను నొప్పికి వేళ్ళు బిగించింది, దాంతో ముంజేతి కండ కదిలింది, నా ఎడమచెయ్యి దానికదే సర్దుకుంది. పక్కనే నిలబడ్డ మాస్టర్ అప్పుడు వెళ్ళి టీ తెచ్చుకున్నారు. మెప్పు అంటే ఆయన దగ్గర అంతే.

ఇది కళా, చేతిపనా అని అప్పుడప్పుడూ అడుగుతుంటారు. జపాన్‌లో ఈ ప్రశ్న కోర్టుదాకా వెళ్ళింది. డాక్టర్ లైసెన్సు లేకుండా టాటూ వేశాడని ఒక ఆర్టిస్టు మీద కేసు పెడితే, టాటూ వేయడం వైద్యం కాదని 2020లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. దీనికి కావాల్సింది వైద్యానికి భిన్నమైన కళానైపుణ్యం అంది. నాకు ఆ తీర్పు నచ్చింది కానీ, శుభ్రత విషయంలో మాత్రం మనం డాక్టర్ల కంటే తక్కువ కాకూడదు. 2022 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ టాటూ ఇంకుల్లో 4,000కి పైగా రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి సీసా మీద లేబుల్ చదవకుండా మూత తీసే అలవాటు మా స్టూడియోలో ఎవరికీ లేదు.

వద్దని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. తాగి వచ్చినవాళ్ళకి, మైనర్లకి వేయం. ఇంకొక ఆర్టిస్టు ఒక మనిషి కోసమే గీసిన డిజైన్ ఫోన్‌లో చూపించి, అచ్చం ఇదే కావాలంటే వేయం. ఒంటి మీద ఒక్క టాటూ లేకుండా ఏకంగా మెడ మీద వేయమని వచ్చే కుర్రాళ్ళతో కాసేపు కూర్చుని మాట్లాడతాను. కొందరు భుజానికి ఒప్పుకుంటారు, కొందరు ఇంకో చోటికి వెళ్ళిపోతారు.

ఇప్పుడు నేర్చుకుంటున్నది కవర్-అప్, అంటే పాత టాటూ మీద కొత్త బొమ్మ వేసి దాన్ని కప్పేయడం. ఇంక్ గోడకి వేసే పెయింట్ లాంటిది కాదు, కింద ఉన్న నలుపు లేత రంగులోంచి కనిపించి తీరుతుంది. కాబట్టి కొత్త బొమ్మలోని చీకటి భాగాలు సరిగ్గా పాత గీతల మీద పడేలా కూర్చాలి. ఈమధ్య ఒకావిడ మణికట్టు మీద పేరు కప్పించుకోవడానికి వచ్చారు. లేత గులాబీ పువ్వు కావాలన్నారు. ట్రేసింగ్ పేపరు పెట్టి ఎన్ని రకాలుగా తిప్పినా చివరి రెండక్షరాలు రెక్కల్లోనే వస్తున్నాయి. ఆకులు పెంచి చూపిస్తే, "పేరు కనపడకపోతే చాలండీ, పువ్వే ఉండాలని లేదు," అన్నారు. పువ్వు కూడా కుదురుతుందని, ముందు లేజర్‌తో ఆ నలుపుని కొంచెం లేతగా చేయించుకుని రమ్మని చెప్పాను. లేజర్ తర్వాత చర్మం పూర్తిగా మానాకే మొదలుపెడతాం. ఈలోపు ఆకుల దిశ మార్చి ఇంకో స్కెచ్ వేస్తున్నాను.