ఫ్రీమాంట్‌లో సెంటర్ ఎక్కడ?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి పది రోజులైనా ఊళ్లోకి వెళ్లినట్టే లేదు. "ఓసారి సెంటర్‌కి తీసుకెళ్లరా" అంటే మావాడు ఓ పెద్ద సూపర్‌మార్కెట్ ముందు దింపాడు. అది కాదురా అంటే, "దీనికి సెంటర్ లేదు నాన్నా, ఉంటే అయిదుంటాయి" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. నిజమే. 1956 జనవరిలో సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్లు కలిసి ఈ నగరమైంది. పేరు వాటిలో దేనిదీ కాదు, 1856లో అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయిన జాన్ ఫ్రీమాంట్‌ది. పక్కనున్న నెవార్క్ వీళ్లతో కలవకుండా అంతకు ముందేడే సొంతంగా నగరమైపోయింది. ఇవాళ మ్యాపు చూస్తే దాని చుట్టూ దాదాపు అంతా ఫ్రీమాంటే. పంతమంటే అదీ!

మా గోరంట్లని 2012లో గుంటూరు కార్పొరేషన్‌లో కలిపారు. అప్పుడు రచ్చబండ మీద మా దిగులంతా ఇంటిపన్ను గురించే. ఇప్పటికీ ఎవరైనా అడిగితే "మాది గోరంట్ల" అనే వస్తుంది నోటికి.

శనివారం ఒక్కణ్ణే బస్సెక్కాను. టికెట్టు రెండు డాలర్ల పైచిలుకు. రూపాయల్లోకి మార్చుకోవద్దని కోడలు మరీమరీ చెప్పింది గానీ, సీట్లో కూర్చునేలోపే మార్చేశాను. పక్కన ఓ ముసలాయన, నాకన్నా పదేళ్లు పెద్ద. "మీ ఇల్లు ఫ్రీమాంట్‌లోనేనా?" అని అడిగాను. "నైల్స్" అన్నాడు, పిల్లాడి తప్పు దిద్దినట్టు.

అక్కడే దిగాను, ఆయన వెంటే. ఒకటే బజారు, ఓ పక్కన రైలు పట్టాలు, వెనక కొండ మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. హమ్మయ్య, ఇదీ ఊరంటే! 1913 నాటి చిన్న సినిమాహాలు ఇప్పుడు మ్యూజియం. ఎస్సానే అనే సినిమా కంపెనీ ఇక్కడే స్టూడియో పెట్టింది. 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి అయిదు సినిమాలు తీశాడు, 'ది ట్రాంప్' వాటిలోదే. నిన్ననే స్టూడియో మూతపడింది అన్నంత బాధగా చెప్పాడు ముసలాయన. నిజానికి అది 1916 సంగతి! శనివారం రాత్రుళ్లు ఇప్పటికీ మూకీలు వేస్తారట, పక్కన ఎవరో పియానో వాయిస్తుండగా. వినేసరికి మా ఊరి టూరింగ్ టాకీసు, నేలక్లాసు, కొబ్బరిచిప్పలో పల్లీలు గుర్తొచ్చాయి.

కాఫీ తాగుదామన్నాను. ఇద్దరికీ ఇవ్వబోయి పర్సు తీసేసరికి ఆయన తన కప్పుకి తాను డబ్బులిచ్చేసి బయట బల్ల మీద కూర్చున్నాడు. మావైపు ఈపాటికి బిల్లు కోసం చేతులు పట్టుకుని లాక్కునేవాళ్లం. నా కప్పు అయిదు డాలర్లు, అదీ పాలు విడిగా, చల్లగా.

మిషన్ శాన్ హోసేకి మర్నాడు వెళ్లాం. 1797లో పుట్టిన మిషన్, అంటే క్రైస్తవ మత ప్రచార కేంద్రం; 1868 భూకంపంలో చర్చి కూలింది, ఇప్పుడున్నది 1985లో మళ్లీ కట్టింది. బాగుంది, అంతే. నా మనసంతా నైల్స్ బజారులోనే ఉంది.

ఆ శనివారం కబుర్లలో పడి తిరుగు బస్సు తప్పింది. మావాడు కారేసుకొచ్చాడు. "ఎక్కడికెళ్లావ్ నాన్నా?" అన్నాడు. "సెంటర్‌కి" అన్నాను. కాఫీ ఖరీదు మాత్రం కోడలికి చెప్పలేదు.