జబ్బు లేని మనిషి మంచం

బుధవారం, రాత్రి

ఈ రోజు మా యూనిట్‌లో మూలకణాలు, అంటే రక్తాన్ని తయారు చేసే కణాలు, ఇవ్వడానికి వచ్చిన అమ్మాయిది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. ఆమె అన్న ఐదో అంతస్తులో, గాలిని వడగట్టి పంపే గదిలో, ల్యుకేమియా అనే రక్త క్యాన్సరుకు చివరి విడత కీమోథెరపీ ముగించుకుని ఈ కణాల కోసం ఎదురుచూస్తున్నాడు. ఉదయం నుంచి మా తలుపు దగ్గరకు వచ్చిన బంధువులందరూ ఆయన గురించే అడిగారు. మంచం మీద పడుకున్న ఈ పిల్లకు ఏ జబ్బూ లేదు గనుక ఆమె ఎలా ఉందో అడగాలని ఎవరికీ తోచలేదు. వారిని తప్పుపట్టలేను; ప్రాణం మీదికి వచ్చినవాడి వైపే అందరి చూపూ పోతుంది. అందుకే మా గదిలో పనిచేసేవారు మాత్రం ఈ మంచం మీది మనిషినే చూడాలి.

జబ్బు లేదంటున్నాను గానీ, ఐదు రోజులుగా మేమే ఆమెను ఒక రకంగా రోగిని చేశాము. మామూలు రక్తంలో మూలకణాలు దాదాపు లేనంత తక్కువగా ఉంటాయి. వాటి ఇల్లు ఎముకల లోపలి మూలుగ. అక్కడి నుంచి అవి రక్తంలోకి రావాలంటే జి-సిఎస్‌ఎఫ్ అనే మందును శరీర బరువులో కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున రోజూ చర్మం కింద ఇస్తాము. మందు పనిచేసే కొద్దీ మూలుగ తెల్లకణాలతో నిండి, మూలకణాలను పట్టి ఉంచిన బంధాలు సడలి, అవి రక్తంలోకి జారుతాయి. ఆమె తెల్లకణాల సంఖ్య ఈ ఉదయం 46 వేలు ఉంది. ఆ నివేదిక ఎవరిదో తెలియని డాక్టరు చూస్తే ఈమెకే ఏదో పెద్ద జబ్బు ఉందని కంగారుపడతారు. నడుము, తుంటి ఎముకలు నిన్న రాత్రంతా సలిపాయని, పారాసెటమాల్ వేసుకున్నా నిద్ర పట్టలేదని నేను అడిగితే చెప్పింది. భర్తకు చెప్పావా అంటే, "ఆయనకెందుకక్కా, అన్న సంగతితోనే పరేషాన్‌లో ఉన్నడు" అంది.

ఈమెతో మొదటి మాటలు జరిగింది ఈ వారం కాదు, అన్నకు ఈ చివరి విడత కీమోథెరపీ మొదలుపెట్టక ముందే. ఆ వరుస మా పనిలో అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఆ మందులు రోగి మూలుగను పూర్తిగా ఖాళీ చేస్తాయి. ఆ తరువాత దాత వెనక్కి తగ్గితే రోగి బతకడం దాదాపు అసాధ్యం. కనుక వద్దని చెప్పే స్వేచ్ఛ దాతకు ఎప్పుడూ ఉంటుందని కాగితం మీద ఎంత రాసుకున్నా, అది నిజంగా స్వేచ్ఛగా ఉండేది కీమో మొదలయ్యే వరకే. అందుకే ఆ రోజు బంధువులందరినీ బయట కూర్చోబెట్టి, అన్నకు వైద్యం చేసే డాక్టరు కాకుండా వేరొక డాక్టరు ఆమెతో విడిగా మాట్లాడారు. నేను పక్కన ఉన్నాను. తలుపు మూసుకున్న తరువాత చాలాసేపటికి అసలు భయం బయటికి వచ్చింది. మూలుగ తీసేస్తే నడుము పడిపోతుందని, ఇక పిల్లలు పుట్టరని అత్తమ్మ అంటున్నదట. సూదితో ఎముకను తాకే పనే లేదని, ఇచ్చిన కణాలను శరీరం కొద్ది వారాల్లో మళ్లీ తయారు చేసుకుంటుందని, దీనివల్ల సంతానానికి అడ్డంకి ఏర్పడుతుందని ఎక్కడా తేలలేదని, అయితే గర్భంతో ఉన్నా పాలిస్తున్నా ఆ సమయంలో మాత్రం ఈ మందు ఇవ్వమని డాక్టరు ఓపికగా చెప్పారు. తరువాత అత్తమ్మను కూడా లోపలికి పిలిచి అదే మళ్లీ చెప్పమని ఆమే కోరింది.

వీరు ముగ్గురు తోబుట్టువులు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో హెచ్‌ఎల్‌ఏ (ఒకరి కణాలు మరొకరికి సరిపోతాయో లేదో తేల్చే గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం ప్రతి ఒక్కరితోనూ నాలుగింట ఒక వంతే. మన వైపు మేనరికాల కుటుంబాల్లో తోబుట్టువులను దాటి దగ్గరి బంధువుల్లోనూ పోలిక దొరికే అవకాశం కొంత పెరుగుతుంది గనుక, వావివరుసలు అడిగి రాసుకోవడం మాకు అలవాటు. ఇక్కడ అంత దూరం వెళ్లవలసిన అవసరం రాలేదు. ఈమెది కలిసింది, చిన్న తమ్ముడిది కలవలేదు. ఆ తమ్ముడు ఈ రోజంతా వరండాలో నిలబడి టీలు, నీళ్ల సీసాలు మోస్తూనే ఉన్నాడు.

ఎనిమిదిన్నరకు రెండు చేతులకూ సూదులు పెట్టాము. ఒక చేతి నుంచి రక్తం నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల వేగంతో యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ గిన్నె గిర్రున తిరిగేసరికి బరువైన ఎర్రకణాలు అంచుకు చేరి, తేలికైన ప్లాస్మా లోపలి వైపు నిలిచి, రెండింటి మధ్య తెల్లకణాలు పాల మీద మీగడంత పలుచగా పేరుకుంటాయి. మనకు కావలసినవి ఆ పొరలోనే ఉంటాయి. దాన్ని సంచిలోకి తీసి మిగిలినదంతా రెండో చేతిలోకి తిరిగి పంపిస్తాము. యంత్రం తనంత తానే చేస్తుందని చూసేవారికి అనిపిస్తుంది. నిజానికి సంచిలోకి వెళ్లే గొట్టంలో రంగును గమనిస్తూనే ఉండాలి. బాగా ఎర్రబడితే ఎర్రకణాలు ఎక్కువగా పోతున్నాయని, మరీ పాలిపోతే అసలు పొర దాటిపోతున్నదని అర్థం. ఏ సమయంలో చూసినా ఆమె శరీరం బయట ఉండే రక్తం సుమారు పావు లీటరే అయినా, పని ముగిసేసరికి యంత్రం గుండా తిరిగింది దాదాపు 10 లీటర్లు, అంటే ఆమె ఒంట్లోని రక్తమంతటికీ ఇంచుమించు మూడింతలు.

గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు, తిరిగి వెళ్తూ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. దాతలు దాన్ని నోరు తెరిచి చెప్పరు, మనమే అడగాలి. పదిన్నర ప్రాంతంలో ఆమె పెదవులు మాటిమాటికీ నాలుకతో తడుపుకోవడం చూసి అడిగితే, చీమలు పాకుతున్నట్టుంది అంది. వేగం తగ్గించి కాల్షియం ఎక్కిస్తే పావుగంటలో సర్దుకుంది. రక్తం తీసే చేతిని మడవకూడదు గనుక ముక్కు దురద పెట్టినా మరొకరు గోకవలసిందే. ఆ పని ఈ రోజు అత్తమ్మ చేసింది, కాస్త గట్టిగానే.

ఈ యంత్రపు పద్ధతి రాకముందు దాతకు మత్తు ఇచ్చి తుంటి ఎముకలో సూదులు గుచ్చి మూలుగనే తీసేవారు. 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్‌లో మన దేశపు మొదటి మూలుగ మార్పిడి జరిగింది ఆ పద్ధతిలోనే. రక్తం నుంచి తీసే పద్ధతి 1990ల్లో వ్యాపించింది. ఈ కణాలు కొత్తచోట త్వరగా, సుమారు రెండు వారాల్లో, నాటుకుంటాయి. అయితే దాత కణాలు రోగి శరీరంపై దీర్ఘకాలం దాడి చేసే ఇబ్బంది మూలుగతో కంటే దీనితో ఎక్కువ. అందుకే మూలుగ రక్తకణాలను తయారు చేయలేని ఎప్లాస్టిక్ ఎనీమియా వంటి జబ్బుల్లో ఇప్పటికీ చాలామంది డాక్టర్లు మూలుగనే కోరుకుంటారు. పక్క మంచం మీద మైలోమా అనే రక్త క్యాన్సరు ఉన్న పెద్దాయనకు, తరువాత తిరిగి ఎక్కించడానికి, ఆయన కణాలే తీసి అతిశీతలంలో భద్రపరుస్తున్నాము. జి-సిఎస్‌ఎఫ్‌తో కణాలు చాలినన్ని రాకపోతే నిన్న రాత్రి ప్లెరిక్సాఫోర్ ఇచ్చారు. మొదట హెచ్‌ఐవీకి పనికొస్తుందేమోనని పరీక్షించిన ఆ మందు ఇలా మూలకణాల పనిలో స్థిరపడడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ధర విన్న ఆయన కొడుకు కాసేపు మాట్లాడలేదు.

పన్నెండు దాటాక సూదులు తీసి, సంచిలో నుంచి చిన్న నమూనాను సీడీ34 లెక్కకు, అంటే మూలకణాలు ఎన్ని వచ్చాయో చూడడానికి, పంపాము. పైనుంచి అడిగింది అన్న బరువులో కిలోకు కనీసం 40 లక్షల కణాలు. వచ్చినవి 44 లక్షలు. రేపు మళ్లీ కూర్చోబెట్టనవసరం లేదని చెప్పగానే వరండాలో అందరి ముఖాలూ వెలిగాయి, సంచి వెంట అందరూ లిఫ్టు దగ్గరకు నడిచారు. ఆమె ప్లేట్‌లెట్లు ఉదయం కంటే బాగా తగ్గాయి. ఇది ఊహించినదే, కొద్ది రోజుల్లో పెరుగుతాయి. ఈ వారం నాట్లకు వంగవద్దని, బరువులు ఎత్తవద్దని, మందు వల్ల ప్లీహం కొంత ఉబ్బి ఉంటుంది గనుక ఎడమ పక్క పైకడుపులో నొప్పి వస్తే వెంటనే రావాలని ఆమెకూ, వారి వెంట వెళ్లకుండా ఆగిన తమ్ముడికీ చెప్పాను.

వెళ్లే ముందు రిజిస్టరు తీశాను. అపరిచితులకు ఇచ్చే దాతలను, వారి పేర్లు నమోదు చేసుకున్న రిజిస్ట్రీలు ఏళ్ల తరబడి పలకరిస్తాయి. ఇంట్లోవారికి ఇచ్చినవారిని ఆ రోజు దాటాక పలకరించేవారు తక్కువ. ఫోన్ నంబరు గడిలో భర్త నంబరు రాసి ఉంది. ఆమె సొంత నంబరు అడిగి దాని కింద రాసుకున్నాను. వచ్చే బుధవారం రక్తపరీక్ష గురించి ఆ నంబరుకే ఫోన్ చేస్తాను.