పిడికెడు బియ్యం

బొబ్బిలి బజారులో నాది చిన్న టైలరింగ్ షాపు. ఆదివారం మా ఊరి బాప్టిస్టు సంఘంలో ఢోలక్ వాయించేది నేనే. 2024 నవంబరులో పట్టుకున్న దగ్గు క్రిస్మస్ వచ్చినా వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పని ఎక్కువై అలసట అనుకుని, ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్పులు తాగుతూ ఉండిపోయాను. క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్యలో దగ్గు ఆగక బయటికి పరుగెత్తాను. గోడ పక్కన ఉమ్మితే ఎర్రగా పడింది. కాలితో మన్ను కప్పి లోపలికొచ్చేశాను.

స్త్రీల సమాజం పెద్దమ్మ అది చూసింది. మాకు చుట్టరికం లేదు, సంఘంలో అందరికీ ఆమె పెద్దమ్మే. మర్నాడు తెల్లారకముందే మా గుమ్మంలో ఉంది. "మా ముసలాయనకీ ఇలాగే ఒచ్చింది నాయనా. లేటు చేసినాం. నువ్వు చెయ్యకు, పద" అంది. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. బరువు 47 కిలోలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు రోజుకు మూడు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. వాటితో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేవాణ్ణి. నా భార్యకీ పిల్లలకీ కూడా పరీక్షలు చేసి, వాళ్ళకి రాకుండా మందులిచ్చారు.

రోగం కన్నా జనానికి తెలుస్తుందనే నాకు ఎక్కువ టెన్షన్. నేను కుట్టిన జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు? నా పేరు చెప్పి ప్రార్థన చెయ్యొద్దని పాస్టరు గారిని బతిమాలాను. ఆయన నా మాట నిలబెట్టారు. రెండు వారాల తర్వాత ఆరాధన అవ్వగానే ఆరోగ్య కార్యకర్తని పిలిపించి, రెండు వారాలు దాటిన దగ్గుంటే పరీక్ష చేయించుకోవాలని అందరికీ చెప్పించారు. ఇది గాలి ద్వారా వచ్చేదే తప్ప కంచం, గుడ్డల వల్ల రాదని ఆమె వివరంగా చెప్పింది. ఆ రోజు నుంచి చలికాలమైనా చర్చి కిటికీలు మూయలేదు. ఏడుగురు పరీక్షకు వెళ్తే ఒకావిడకి టీబీ బయటపడింది. ఆ తర్వాతి ఆదివారం మాస్కు పెట్టుకుని లేచి నిలబడి, నా సంగతి నేనే చెప్పాను.

మా సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి ఆదివారం తెస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బు సంఘం ఖర్చులకి పోతుంది. ఆ ఏడాది ఐదు నెలల పాటు ఆ బియ్యం మా రెండిళ్ళకే వచ్చాయి. మూత ఉన్న నీలం బకెట్టులో సన్నబియ్యం, కోటా బియ్యం, ఎవరి పొలంలోవో దంపుడు బియ్యం అన్నీ కలిసిపోయి ఉండేవి. వండితే కొన్ని మెతుకులు మెత్తబడేవి, కొన్ని పలుకుగా నిలిచేవి. నా భార్య మొదట్లో విసుక్కుంది, తర్వాత ఒక్క గింజ కూడా ఏరలేదు. ప్రభుత్వం నెలకిచ్చే 1000 రూపాయలతో గుడ్లు, పప్పు కొనేవాళ్ళం. పెద్దమ్మ చోడి అంబలి తెచ్చేది.

రెండో నెలకి దగ్గు పోయింది, ఆకలి పెరిగింది. అప్పుడే ఒక బంధువు నన్ను ఎక్కడో స్వస్థత కూటానికి తీసుకెళ్ళాడు. అక్కడి బోధకుడు విశ్వాసముంటే మాత్రలెందుకు అన్నాడు. నాలుగు రోజులు మానేశాను. పెద్దమ్మకి చదువు రాదు కానీ అట్టల మీద మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం వచ్చు. తిట్టలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆవిడ అలా ఏడవడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆ సాయంత్రం పాస్టరు గారు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో "మాత్ర మింగి ప్రార్థన చెయ్యి. మానేసి చెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు కదా" అన్నారు. అప్పటినుంచి పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి, నేను మింగేదాకా కూర్చునేవారు. పెద్దమ్మకి జ్వరమొచ్చిన వారం మా పాస్టరమ్మగారు వచ్చారు. ఒకరోజు పరీక్షలున్న పదో తరగతి పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చి, చదువుకుంటూనే నన్ను చూసి వెళ్ళింది.

జూలైలో చివరి పరీక్ష నెగెటివ్ వచ్చింది. బరువు 58. ఆ ఆదివారం వెళ్ళేసరికి ఢోలక్ ఆ పదో తరగతి పిల్ల దగ్గరుంది. నేను లేని ఆరు నెలల్లో నేర్చుకుందట. నన్ను చూసి గబుక్కున లేవబోయింది. కూర్చోమన్నాను. మగవాళ్ళ చాప మీద చోటు చూసుకుని కూర్చుని, పాట మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా ఊపిరి తెగకుండా పాడాను.