అరకు రైలు, బొర్రా చీకటి, చేతిలో కెమెరా

విశాఖ నుంచి కిరండూల్ రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. సొరంగానికీ సొరంగానికీ మధ్య వెలుగు వచ్చే కాసేపట్లోనే లోయ చూడాలి, ఫోటో తీయాలి. ఆ హడావిడిలో ఆటో మోడ్‌ని నమ్మలేం. షటర్ ప్రయారిటీ (షటర్ ఎంతసేపు తెరిచుండాలో మనం చెప్పి, మిగతాది కెమెరాకి వదిలేసే మోడ్) పెట్టి 1/1000 దగ్గర, అంటే సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉంచేశాను. నిజానికి దూరపు కొండలకు 1/500 చాలు. పట్టాల పక్క పొదలే కళ్ల ముందు నుంచి దూసుకుపోతాయి, వాటికి 1/2000 పెట్టినా తప్పులేదు. ఎదుటి సీటు కుర్రాడు లెన్స్‌ని కిటికీకి ఆనించి తీస్తున్నాడు. "పెట్టె అదురంతా కెమెరాలోకి వస్తుంది తమ్ముడూ, మోచేతులు పక్కటెముకలకు ఆనించుకో" అన్నాను.

బొర్రాలో దిగాక లెక్క మారిపోయింది. (గుహల బయట బొంగులో చికెన్ వాసన ఒక పట్టాన కదలనివ్వదు, అది వేరే సంగతి.) లోపల రంగు దీపాలు తప్ప వెలుగు లేదు. ఆ మెట్ల మీద, ఆ జనంలో ట్రైపాడ్ అందరి కాళ్లకీ అడ్డమే కాబట్టి తేలేదు. చేత్తో తీసేటప్పుడు పాత లెక్క ఒకటుంది: 50 ఎంఎం లెన్స్‌కి కనీసం 1/50, 200 ఎంఎంకి 1/200. నాది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది, ఆ అంకెని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. అంటే 18 ఎంఎంకి దాదాపు 1/30, 55 ఎంఎంకి 1/80. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉంది కనుక 18 దగ్గర 1/8 దాకా దిగాను. ఊపిరి వదిలి, మెల్లగా నొక్కి, వరసగా మూడు నాలుగు తీస్తే ఒకటైనా నిలబడుతుంది. చుక్క చుక్కగా వేల ఏళ్లు పేరుకున్న సున్నపురాయి ఎలాగూ కదలదు.

శివలింగం దగ్గర మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. దండం పెట్టేవాళ్లు, సెల్ఫీలవాళ్లు క్షణం నిలబడరు. స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్లను కాదు. అక్కడ 1/125కి పెంచి ఐఎస్‌ఓ (వెలుగు తక్కువైనా ఫోటోని ప్రకాశవంతం చేసే సెట్టింగ్) 6400 పెట్టక తప్పలేదు. గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తే రానీ.

సాయంత్రం అరకులో గిరిజనుల థింసా నృత్యం. 1/250లో అందరూ గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు వచ్చారు. కావాలనే 1/30కి దించాను. పాదాలు, చీర చెంగులు చెదిరాయి, రెండు మూడు మొహాలు నిలిచాయి. మా ఆవిడకు మొదటివే నచ్చాయి, నాకు ఇవి.