బుగ్గ కణాల్లో ఆ చిన్న చుక్క

నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే మహిళల బుగ్గ లోపలి కణాల్లో మైక్రోన్యూక్లియస్‌లను లెక్కించడం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. కణం విభజన చెందేటప్పుడు తెగిన క్రోమోజోమ్ ముక్క గానీ, వెనుకబడిన పూర్తి క్రోమోజోమ్ గానీ పిల్లకణాల ప్రధాన కేంద్రకంలో చేరలేక, తన చుట్టూ విడిగా పొర కట్టుకుని చిన్న గుండ్రని చుక్కలా మిగిలిపోతుంది; అదే మైక్రోన్యూక్లియస్. జన్యు పదార్థానికి దెబ్బ తగిలిందనడానికి దానిని గుర్తుగా తీసుకుంటారు.

నమూనా తీయడం సులువే: నీళ్లతో నోరు పుక్కిలించాక, తడిపిన చెక్కపుల్లతో రెండు బుగ్గల లోపలా మెల్లగా గీకితే చాలు. ఒక పెద్దమ్మ ఒడిలోని చాట పక్కన పెట్టి, చేతికంటిన తంబాకు పొడిని కొంగుకు తుడుచుకుంటూ, “బిడ్డా, దీంట్ల నాకు క్యాన్సర్ ఉన్నదో లేదో తెలుస్తదా?” అని అడిగింది. తెలియదని చెప్పవలసి వచ్చింది. దెబ్బ తగిలే కణాలు అడుగు పొరలో విభజన చెంది, సుమారు 1 నుంచి 3 వారాలకు పైకి వస్తాయి కనుక, మేము చూసేది ఆమె నలభై ఏళ్ల పనిని కాదు, ఇటీవలి కొద్ది వారాలను మాత్రమే. పైగా ఈ లెక్క ఒక సమూహాన్ని మరొక సమూహంతో పోల్చడానికే గానీ ఒక మనిషి రోగాన్ని తేల్చడానికి కాదు.

తప్పు నా దగ్గరే జరిగింది. మొదటి విడత స్లైడ్లకు గీమ్సా రంగు వేశాను. లెక్క నమ్మశక్యం కానంత ఎక్కువగా వచ్చింది. గైడ్ మేడమ్ నూనె లెన్స్ కింద చూసి, నేను లెక్కపెట్టిన చుక్కల్లో చాలావరకు కణాల్లో సహజంగానే ఉండే కెరటోహయలిన్ అనే ప్రోటీన్ రేణువులనీ, కొన్ని బాక్టీరియా అనీ చూపించారు. గీమ్సా డీఎన్ఏకు మాత్రమే పట్టే రంగు కాదు. ఫ్యూల్గెన్ పద్ధతిలోనైతే ముందుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం డీఎన్ఏలోని ప్యూరిన్లనే క్షారాలను తొలగించి ఆల్డిహైడ్ సమూహాలను బయటపెడుతుంది, షిఫ్ కారకం వాటికే పట్టి ముదురు గులాబీ రంగునిస్తుంది. ఆమ్లంలో ఉంచే సమయం తగ్గినా, పెరిగినా రంగు వెలిసిపోతుంది. అది కుదరడానికే నాకు రెండు వారాలు పట్టింది.

ఆ తరువాత ప్రధాన కేంద్రకం వ్యాసంలో మూడో వంతుకు మించనిది, దానితో అతుక్కోనిది, అదే రంగులో, అదే ఫోకస్‌లో కనిపించేది మాత్రమే లెక్కకు తీసుకున్నాను. ఎవరి స్లైడో తెలియకుండా లేబుళ్ల మీద సంకేతాలే ఉంచి, ఒక్కొక్కరికి 2000 కణాలు చూశాను.

మిగిలిన స్లైడ్లు చాలక మళ్లీ ఆ ఊరికి వెళ్లి, పాత నమూనాలు నా వల్లే పనికిరాకుండా పోయాయని అందరికీ చెప్పాను. పెద్దమ్మ చాట దింపి, నీళ్ల చెంబు అందుకుని నోరు పుక్కిలించింది.