నీట్ పీజీ నుంచి ఫ్యామిలీ మెడిసిన్ దాకా

నీట్ పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే పరీక్ష) కౌన్సెలింగ్‌లో డీఎన్‌బీ (ఎండీ లాంటి పీజీ డిగ్రీ) ఫ్యామిలీ మెడిసిన్‌ని మొదటి ఆప్షన్‌గా పెట్టానని తెలిసి మా మామయ్య, "ఇంత చదివి మళ్ళీ జ్వరాల డాక్టరేనా?" అని బాధపడ్డారు. జూనియర్లూ అదే అడుగుతున్నారు. నేను ఈ బ్రాంచి ఎందుకు తీసుకున్నానో చెబితేనే ఎలా చదివానో కూడా అర్థమవుతుంది. నాకు ఆ రెండూ ఒక్కచోటే మొదలయ్యాయి.

ఇంటర్న్‌షిప్‌లో మెడిసిన్ ఓపీలో ఉండగా పార్శీగుట్ట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో మెడికల్ షాపు కవరు. బల్ల మీద బోర్లిస్తే పదకొండు రకాల గోళీలు. "ఏది పొద్దుగాల ఏసుకోవాలె, ఏది రాత్రి ఏసుకోవాలె, జర చెప్పు బిడ్డా" అంది. మూడు చోట్ల చూపించుకుంది, మూడు చీటీలున్నాయి. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే డైయూరెటిక్) కలిసిన గోళీ. మోకాళ్ళకి ఒకరు ఎసిక్లోఫెనాక్ రాశారు, నడుముకి ఇంకొకరు డైక్లోఫెనాక్. ఆ రెండూ ఒకే జాతి పెయిన్ కిల్లర్లని ఆమెకు తెలియదు. క్రియాటినిన్ 2.1 ఉంది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయట్లేదు. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే కారణం కనబడుతుంది. అన్నీ కలిపి చూసిన మనిషే లేరు. ఆ మనిషిగా ఉండాలని నాకు ఆ రోజే అనిపించింది.

ఆ రాత్రి ఫార్మకాలజీ నోట్సు తీశాను. 'ట్రిపుల్ వ్యామీ' (మూడు మందులు కలిసి కిడ్నీని కొట్టే దెబ్బ) గురించి అందులో ఒక్క లైనే ఉంది. పెయిన్ కిల్లర్ గ్లోమెరులస్‌లోకి (కిడ్నీలో రక్తాన్ని వడపోసే జల్లెడ) రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు కానివ్వదు, టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వెడల్పు చేస్తుంది, డైయూరెటిక్ ఒంట్లో నీరు తగ్గిస్తుంది. ఇక వడపోతకు కావలసిన ఒత్తిడి ఎక్కడిది? నాలుగేళ్ళుగా బట్టీ పట్టినా నిలవని లైను ఆ కవరుతో నిలిచిపోయింది. అప్పటినుంచి రోజుకో పేషెంటు, ఆ పేషెంటుకి సంబంధించి అన్ని సబ్జెక్టుల నుంచి ఒక్కో పాయింటు, ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నాను. 19 సబ్జెక్టులూ ఇలా పూర్తి కావు, వీడియోలూ పాత ప్రశ్నలూ చేయాల్సిందే. కానీ డ్యూటీ చేసి అలిసిపోయిన రోజున కూడా ఈ ఒక్క పేజీ చదవగలిగేవాణ్ణి.

పీఎస్ఎమ్‌ని (జనారోగ్యం, జబ్బుల లెక్కల సబ్జెక్టు) చివరి వారానికి వదలకండి, దయచేసి. సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్ళని పట్టుకోవడం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్ళకి లేదని చెప్పడం) రెండూ 90 శాతం ఉన్న టెస్టు తీసుకోండి. వెయ్యి మందిలో పది మందికే జబ్బు ఉన్న బస్తీలో చేస్తే 9 మంది నిజమైన పాజిటివ్, 99 మంది తప్పుడు పాజిటివ్. అంటే పాజిటివ్ వచ్చిన పన్నెండు మందిలో ఒక్కరికే జబ్బు. సగం మందికి జబ్బున్న వార్డులో అదే టెస్టు చేస్తే పాజిటివ్ వచ్చిన పది మందిలో తొమ్మిది మందికి నిజంగా ఉంటుంది. ఫ్యామిలీ డాక్టరుకి ఇది రోజూ కావలసిన లెక్క.

ఇక పరీక్ష. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. 40 ప్రశ్నలకు 42 నిమిషాల చొప్పున ఐదు సెక్షన్లు. టైమ్ అయిపోతే ఆ సెక్షన్ మూతపడుతుంది, వెనక్కి వెళ్ళలేం. డౌటున్నవి మార్క్ చేసుకుని ఆఖర్లో చూద్దామనే అలవాటు వల్ల మొదటి గ్రాండ్ టెస్టులో (పూర్తి నమూనా పరీక్ష) రెండు సెక్షన్లలో కలిపి 13 ప్రశ్నలు ముట్టుకోకుండానే వదిలేశాను. ఆ తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని, ఫోన్‌లో 42 నిమిషాలు పెట్టుకుని రోజూ ఒక్క సెక్షనే చేశాను. 30 నిమిషాలకు ఒక రౌండు పూర్తి, మిగతా 12 నిమిషాలు డౌట్లకి. తప్పుకి ఒక మార్కు పోతుంది, ఒప్పుకి నాలుగు వస్తాయి. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే పెట్టేయండి, సగటున ఒకటిన్నర మార్కు లాభం.

2025లో జూన్ 15న జరగాల్సిన పరీక్ష, ఒకే షిఫ్టులో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పాక, ఆగస్టు 3కి మారింది. ఆ 49 రోజుల్లో మొదటి వారం టెన్షన్‌తో ఏమీ చదవలేదు. తర్వాత కొత్తది ఏదీ ముట్టుకోలేదు, తప్పు చేసిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ చేశాను. నాకు ర్యాంకు తెచ్చింది అవేనని గట్టిగా నమ్ముతాను.

ఫ్యామిలీ మెడిసిన్ పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఛాయిస్ లాక్ చేసే ముందు, ఆ ఆసుపత్రిలో ఇప్పుడు చదువుతున్న రెసిడెంటుతో పది నిమిషాలు మాట్లాడండి. మెడిసిన్, పీడియాట్రిక్స్, గైనిక్, సర్జరీ, ఎమర్జెన్సీ పోస్టింగులు నిజంగా తిప్పుతున్నారా, లేక మూడేళ్ళూ ఒకే వార్డులో కూర్చోబెడుతున్నారా? ఫ్యామిలీ మెడిసిన్‌కి సొంత ఓపీ ఉందా? ఒకసారి చూసిన పేషెంటు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వస్తారా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. నా లిస్టులో పైన ఉన్న ఒక సీటుని దానికి వచ్చిన జవాబు విన్నాకే కిందికి దించాను.