గుడ్డపీలికలు గుచ్చిన దస్తావేజులు

లండన్‌లో రస్సెల్ స్క్వేర్ ట్యూబ్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే బ్రన్స్‌విక్ స్క్వేర్ వస్తుంది. అక్కడ నలభయ్యో నంబరు భవనంలో ఫౌండ్లింగ్ మ్యూజియం ఉంది. ఫౌండ్లింగ్ అంటే కన్నవాళ్లు వదిలేసిన పసిబిడ్డ. రాజశాసనాలూ మహాకవుల రాతప్రతులూ పెద్ద గ్రంథాలయాలు చాలావాటిలో చూడవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు నిరుపేదల కోసం అచ్చువేసిన ఫారాలు, పని తీరగానే చిత్తుకాగితాల్లో కలిసిపోవలసినవి, చెక్కుచెదరకుండా దొరకడం మాత్రం అరుదు. వాటిని చూడాలన్న కోరికతోనే నేను అక్కడికి వెళ్లాను.

ఓడల మీద బతుకు గడిపిన థామస్ కోరం, లండన్ వీధుల్లో వదిలేసిన పసికందులను చూసి తట్టుకోలేక, పదిహేడేళ్లపాటు పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగి, 1739లో రెండో జార్జి రాజు చేత ఫౌండ్లింగ్ హాస్పిటల్‌కు అధికారపత్రం సంపాదించాడు. పేరుకు హాస్పిటలే గానీ అది వైద్యశాల కాదు, శిశువులను పెంచే శరణాలయం. 1741 మార్చి 25 రాత్రి హాటన్ గార్డెన్‌లోని ఒక ఇంట్లో మొదటి ముప్పైమంది పిల్లలను చేర్చుకున్నారు. బిడ్డను తెచ్చినవారిని నీవెవరని అడగకూడదన్నది నియమం. తల్లి పేరు తెలియదు, బిడ్డకు సంస్థ కొత్త పేరు పెడుతుంది. మరి ఏ తల్లి అయినా తిరిగి వచ్చి నా బిడ్డను ఇవ్వండి అంటే ఏ ఆధారంతో ఇవ్వాలి? ఆ చిక్కును విప్పడానికి పుట్టిన కాగితమే బిల్లెట్.

మ్యూజియం కింది అంతస్తులో గాజు వెనుక ఉన్న బిల్లెట్ ముందు చాలాసేపు నిలబడ్డాను. నిజానికి అది ఒక ఆఫీసు ఫారం. పైన సంస్థ పూర్తి పేరు, తేదీకీ గంటకీ వదిలిన ఖాళీలు, బిడ్డ ఆడో మగో, వయసు సుమారు ఎంతో రాయడానికి చోటు, ఆ కింద బట్టల జాబితా అచ్చులో ఉన్నాయి. టోపీ, నుదుటి పట్టీ, గౌను, లంగా, విడిగా తొడిగే గౌను చేతులు, దుప్పటి, మేజోళ్లు, బూట్లు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి. బిడ్డ ఒంటిమీద ఉన్న బట్టకు ఎదురుగా గుమాస్తా దాని రంగూ రకమూ రాసేవాడు. అన్నిటికంటే కింద శరీరం మీది పుట్టుమచ్చలకూ గుర్తులకూ కొంత జాగా. బిడ్డతోపాటు ఏదో ఒక చీటీనో ఆనవాలునో ఉంచమని సంస్థే తల్లులను కోరేది. ఏమీ లేకపోతే బిడ్డ తొడుక్కున్న బట్ట నుంచి ఒక ముక్క కత్తిరించి, ఈ కాగితానికే గుండుసూదితో గుచ్చి, మడిచి, ముద్ర వేసి దాచేవారు. ఎవరైనా బిడ్డ కోసం వచ్చినప్పుడే దాన్ని విప్పాలి.

ఆ ముక్కలు సుమారు అయిదువేలు ఇప్పటికీ ఉన్నాయి. ఆనాటి బ్రిటన్‌లో సామాన్య స్త్రీలు ఏం కట్టుకున్నారో చెప్పే ఇంత పెద్ద సంపుటి ఇంకెక్కడా లేదు. చాలావాటి మీద తీగలు, ఆకులు, ఎర్రటి చిన్న పూలు అచ్చువేసి ఉంటాయి. పెడన అచ్చుల బట్టలు ఎరిగిన కంటికి ఆ పూల కుదురు కొత్తగా అనిపించదు, దానికి కారణం ఉంది. 1611 నుంచి ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు నూలుబట్టలు కొంటూ వచ్చారు. వాటి మోజుకు తట్టుకోలేక ఇంగ్లండ్‌లోని ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టగా, పార్లమెంటు మొదట దిగుమతిని అరికట్టి, 1721లో అద్దకపు నూలుబట్ట కట్టడాన్నే దాదాపు పూర్తిగా నిషేధించింది. 1774 దాకా ఆ చట్టం నడిచింది. అందుచేత లండన్ అద్దకంవాళ్లు అవిసెనార బట్ట మీదా, నార, నూలు కలిపి నేసిన బట్ట మీదా మన తీరం పూలను అనుకరించి అచ్చువేశారు. చిరివేరుతో మన అద్దకంవాళ్లు సాధించిన ఎరుపు మీద పుట్టిన మోజు, చట్టాన్ని దాటి, ఊరూ పేరూ తెలియని ఒక పనిమనిషి బిడ్డ చేతిగుడ్డ దాకా చేరింది.

1756 జూన్ నుంచి 1760 మార్చి దాకా పార్లమెంటు డబ్బు ఇచ్చి, తెచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోమంది. ఆ నాలుగేళ్లలోపే 14,934 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది బతకలేదు. 1741 నుంచి 1760 వరకు చేరిన 16,282 మందిలో తల్లిదండ్రులు తిరిగి తీసుకువెళ్లింది 152 మందిని మాత్రమే. తక్కినవారి బిల్లెట్లు విప్పే అవసరం రాలేదు. వెలుతురు తగలక ఆ రంగులు నిన్న అద్దినట్టే ఉన్నాయి. వాటి అందాన్ని మెచ్చుకోబోయిన ప్రతిసారీ ఆ అందం ఎందుకు మిగిలిందో గుర్తొచ్చి నోరు పెగలలేదు.

ఆనవాళ్ల గదిలో సగానికి కోసిన నాణేలు, ఉంగరాలు, ఒక హేజల్ కాయ డొల్ల ఉన్నాయి. 1860ల్లో సంస్థ నిర్వాహకులు ప్రదర్శన కోసం ఇలాంటివాటిని బిల్లెట్ల నుంచి విడదీశారు. దానితో ఏ నాణెం ఏ బిడ్డదో చెప్పే తాడు తెగిపోయింది. పరిశోధకులు కొన్నిటిని ఓపికగా మళ్లీ జతపరిచినా, దస్తావేజును దాని జతవస్తువు నుంచి విడదీయడం ఎంత అన్యాయమో ఆ పెట్టె ముందు నిలబడితే తెలుస్తుంది. పై అంతస్తులో, ఈ సంస్థను ఎంతో ఆదుకున్న సంగీతకారుడు హాండెల్ వీలునామా ఉంది. దాన్ని చూసి త్వరగానే దిగి వచ్చేశాను.

బిల్లెట్ల అసలు సంపుటాలు ఉన్నది క్లర్కెన్‌వెల్‌లోని లండన్ ఆర్కైవ్స్‌లో. కాగితం పెళుసుబారినందువల్ల తెర మీదే చదవనిస్తారు, అది న్యాయమే. అక్కడ చూసిన ఒక చీటీలో, 1758 జూన్ 19న సోహోలో పుట్టిన ఫ్లోరెల్లా బర్నీ అనే బిడ్డను ప్రత్యేకంగా చూసుకోమనీ, మళ్లీ వచ్చి అడుగుతామనీ వేడుకోలు ఉంది. మరొకచోట, రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టి, మీద హృదయం బొమ్మ అల్లిన అతుకుల గుడ్డ, సరిగ్గా మధ్యకు కత్తిరించి ఉంది. దాన్ని 1767లో కొడుకుతోపాటు వదిలిన సారా బెండర్, రెండో సగం దాచుకుని, 1775లో వచ్చి పిల్లవాణ్ని తీసుకువెళ్లింది. ఆ 152 మంది లెక్క ముగిసిన తరువాతి సంగతి ఇది.

పందొమ్మిదో శతాబ్దపు పెట్టెల్లోకి వచ్చేసరికి కాగితం తీరే మారిపోయింది. ఏమీ అడగని తలుపు పోయి, తల్లి అర్జీ పెట్టుకోవలసిన అచ్చు ఫారం వచ్చింది. బిడ్డ తండ్రి ఎవరు, అతన్ని చివరిసారి ఎప్పుడు చూశావు వంటి ప్రశ్నలకు ఆమె జవాబు చెప్పాలి. అది ఆమె మొదటి బిడ్డే అయి ఉండాలి, అంతకుముందు ఆమె నడత మంచిదని తేలాలి. చరిత్రకారుడికి ఈ అర్జీలు బిల్లెట్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతాయి. ఆ వివరాల కోసం ఒక ఆడమనిషి గుమాస్తాల ముందు ఎంత చిన్నబోయి ఉంటుందో తలచుకుంటే, ఆ లాభాన్ని లాభమనడానికి నాకు మనసొప్పదు. తిరస్కరించిన అర్జీలను కూడా సంస్థ పారేయలేదు, ఒప్పుకున్నవాటిలాగే భద్రపరిచింది. ఈసారి వెళ్తే ముందు అడిగేది ఆ కట్టలనే.